వచ్చే ఉసిరికాయల దాకా

కింది వాటాలో ఎవరో ఉసిరికాయలు ఉడకబెడుతున్నారు. పచ్చడికో, మురబ్బాకో తెలీదు. ఆ వగరు వాసన మెట్లెక్కి వచ్చి ముక్కుకి తగలగానే ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో మా నాన్న ఆయుర్వేదం కొట్టు వెనక పెరడు కళ్ళ ముందుకొచ్చింది.

అదే సమయానికి మా అన్నయ్య మనవడు నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో వీడియో చూపిస్తున్నాడు. బ్రయన్ జాన్సన్ అని అమెరికాలో ఒక వ్యాపారి. చావకుండా ఉండటమే పనిగా పెట్టుకున్నాడట. దానికోసం ఏడాదికి 20 లక్షల డాలర్లు ఖర్చు పెడుతున్నాడని పత్రికలు రాశాయట. 2023లో తన 17 ఏళ్ళ కొడుకు రక్తంలోంచి ప్లాస్మా తీయించి తను ఎక్కించుకున్నాడు. తర్వాత లాభమేమీ కనిపించలేదని తనే మానేశాడు.

"ఇది యయాతి కథే కదరా" అన్నాను. వాడికి యయాతి తెలీదు. చెప్పాల్సి వచ్చింది. మామగారి శాపంతో ఉన్నట్టుండి ముసలివాడైపోయిన రాజు, కొడుకుల్ని ఒక్కొక్కణ్ణీ యవ్వనం అప్పు అడిగాడు. చివరివాడు పూరుడు సరేనన్నాడు. వెయ్యేళ్ళు అనుభవించాక, ఇది ఎంతకీ తీరే కోరిక కాదని తెలుసుకుని రాజు తిరిగి ఇచ్చేశాడు.

"అది తెలుసుకోడానికి వెయ్యేళ్ళు పట్టిందా?" అని నవ్వి, "చిన్నతాతయ్యా, అసలు చావు రాకుండా ఒక మాత్ర ఉంటే నువ్వు వేసుకుంటావా?" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేదు. చిత్రమేమిటంటే మా ఊళ్ళో ఈ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగ్గా నేను వినలేదు. ఆయుష్షు అమ్ముకుని బతికిన ఇల్లు మాది.

*

కొట్టు అంటే పెద్దదేం కాదు. వీధరుగు మీద రెండు చెక్క బీరువాలు, ఒక కల్వం, ఒక త్రాసు, రోగులు కూర్చోడానికి బల్ల. గోడమీద ధన్వంతరి పటం. వచ్చేవాళ్ళలో సగం మంది తెలుగు, సగం మంది ఒడియా. నాన్న రెండూ ఒకే వాక్యంలో మాట్లాడేసేవాడు. ఏడాది పొడుగునా జ్వరాలకీ, వాతాలకీ వచ్చే డబ్బు ఉప్పూపప్పులకి సరిపోయేది. చలికాలంలో చేసే చ్యవనప్రాశతో మా ఫీజులూ బట్టలూ గడిచేవి.

కార్తీకం దాటగానే సంతరోజున కొండల మీంచి సవరలు ఉసిరికాయలు దించేవారు. ఆడవాళ్ళు బుట్టల్లో, మగవాళ్ళు కావిళ్ళలో. నాన్న కాయల్ని తూచేవాడు కాదు, లెక్కపెట్టేవాడు. చరకసంహితలో 500 కాయలని ఉంది కాబట్టి 500. పుచ్చులూ, దెబ్బ తగిలినవీ పిల్లల వాటా. ఉప్పు అద్దుకుని తిని, మంచినీళ్ళు తాగి, తియ్యగా ఉన్నాయని కేకలు పెట్టేవాళ్ళం.

కాయల్ని గుడ్డలో మూటగట్టి, దశమూలాలు మరుగుతున్న కళాయి గంగాళంలోకి వేలాడదీసేవారు. కాయ మెత్తబడి పాయలు విడాక గింజలు తీయడం మా పని. ఆ గుజ్జుని పల్చటి పంచె గుడ్డ మీద పోసి అరచేత్తో రుద్దితే పీచంతా పైన నిలిచి మెత్తటిది కిందికి దిగుతుంది. చేతులు రెండ్రోజుల పాటు నల్లగా ఉండేవి. బళ్ళో మాస్టారు ఏమిటిదని అడిగితే "ఔషధం, ఆజ్ఞా" అని గొప్పగా చెప్పేవాణ్ణి.

అసలు కష్టం ఆ తర్వాత. గుజ్జుని నేతిలో, నువ్వులనూనెలో వేయించాలి. మొదట చిటపటలాడి మొహం మీదికి ఎగురుతుంది. కాసేపటికి చప్పుడు తగ్గుతుంది, రంగు ముదురుతుంది, అంచుల వెంట నెయ్యి విడిచిపెడుతుంది. ఆ క్షణం కోసం నాన్న మాట్లాడ్డం మానేసి చూసేవాడు. గరిటె ఒక్క నిమిషం ఆగినా అడుగంటుతుంది. వడగట్టిన కషాయంలో పటికబెల్లం పాకం పట్టి ఇందులో కలిపాక పరీక్ష. కాస్త తీసి నీళ్ళలో వేస్తే కరగకుండా మునగాలి. వేళ్ళ మధ్య నొక్కితే వేలిముద్ర పడాలి. దించి, పిప్పలి, యాలకులు, దాల్చినచెక్క, నాగకేసరం పొడులు కలిపేవాడు. తేనె మాత్రం పూర్తిగా చల్లారాకే. వేడిమీద తేనె పోస్తే విషమని ఆయన గట్టి నమ్మకం. తొందరపడి తేనె సీసా మూత తీసిన వాళ్ళకి మొట్టికాయ తప్పేది కాదు.

గరిటె తిప్పుతూ చ్యవనుడి కథ చెప్పేవాడు. పుట్టలో కూర్చుని తపస్సు చేసుకుంటున్న ముసలి ఋషి, ఆయన కళ్ళని మిణుగురులనుకుని పుల్లతో పొడిచిన రాజకుమారి సుకన్య, ఆ తప్పుకి ఆయన్నే పెళ్ళి చేసుకోవలసి రావడం, అశ్వినీదేవతలు ఆయన్ని కొలనులో ముంచి కుర్రవాణ్ణి చేసి లేపడం. ఏటా ఇదే కథ, ఇదే గరిటె. చివర్లో మాత్రం తన మాట ఒకటి చేర్చేవాడు. "గమనించారా, చ్యవనుడు చావు లేకుండా అడగలేదు. ఒళ్ళు సహకరిస్తే చాలన్నాడు. చావు లేకుండా అడిగినవాళ్ళెవరో తెలుసు కదా?" హిరణ్యకశిపుడు, రావణుడు అని మేం కోరస్‌గా అరవాలి.

*

ప్రతి చలికాలం మొదటి సీసా ఒక పంతులుగారిది. దివాణంలో గుమాస్తాగిరీ చేసి, జమీందారీలు రద్దయ్యాక ఖాళీగా కూర్చున్నాయన. రాజావారి బడిలో గిడుగు రామమూర్తి గారి దగ్గర చదువుకున్నానని చెప్పుకునేవారు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం వీపు నిటారుగా అయ్యేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఊరు అటు కలిసిపోయినప్పుడు గిడుగు వారు పర్లాకిమిడి విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. పంతులుగారు వెళ్ళలేదు. ఇల్లు ఇక్కడ, పొలం మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపు. "నేను కుర్చీలోంచి లేవలేదయ్యా, రాష్ట్రమే లేచి వెళ్ళిపోయింది" అనేవారు.

ఆ పొలం మీద దాయాదులతో కేసు. రెండు రాష్ట్రాల మధ్య కాగితాలు తిరిగే కేసు. ఆయన సీసా తీసుకుంటూ, "వైద్యుడుగారూ, తీర్పు వచ్చేదాకా నన్ను నిలబెట్టండి. ఆ తర్వాత మీ ఇష్టం" అనేవారు. అంతకు ముందు మనవడి ఒడుగు దాకా అన్నారని మా అమ్మ వంటింట్లోంచి నవ్వేది. చివరికి తీర్పు వచ్చింది, ఆయనకే అనుకూలంగా. ఆ చలికాలం ఇక రారేమో అనుకున్నాం. పొద్దున్నే వచ్చి బల్లమీద కూర్చుని, "పొలంలో మామిడి వేయించాను. ఐదేళ్ళకి కాస్తుందట" అన్నారు.

నాన్న నవ్వకుండా సీసా అందించాడు. మామిడి కాసిందో లేదో నాకు గుర్తులేదు గానీ, పంతులుగారు పోయినప్పుడు కూడా ఏదో ఒకటి మధ్యలోనే ఉండి ఉంటుంది.

*

సవరల్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఊరి పెద్ద కాబట్టి అందరూ గమాంగు అనేవారు. అసలు పేరు నేనెప్పుడూ వినలేదు. ఆనపబుర్రలో తేనె తెచ్చి, నాన్న ముందు గొంతుక్కూర్చుని, చుట్ట ముట్టించేవాడు. ఒకసారి మామూలు కబుర్ల మధ్య, "నిన్న మా అయ్య వచ్చినాడు బాబూ" అన్నాడు.

"పోయి రెండేళ్ళు కాలేదూ?" అన్నాడు నాన్న.

"అయినాది. పొగాకు అడిగినాడు. దున్నపోతుని ఇంకా ఎందుకు ఇయ్యలేదని తిట్టినాడు. మా తమ్ముడు ఎదురు మాటాడినాడు. పెద్ద గొడవ."

నాకు వెన్ను జలదరించింది. ఆయనకి మాత్రం అదేం వింత కాదు. పూనకం పట్టే ముసలామె నోట చనిపోయినవాళ్ళు మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళు చుట్టూ చేరి వాళ్ళతో పోట్లాడతారు, ఏడుస్తారు, హాస్యాలాడతారు. చనిపోయినవాడు ఒక్కసారిగా పోడు. కొన్నేళ్ళపాటు వస్తూ పోతూ ఉంటాడు. మొదట్లో కోపంగా, తర్వాత్తర్వాత చల్లబడి.

"అయితే ఎప్పటికీ వస్తూనే ఉంటాడా?" అని నేను మధ్యలో దూరాను.

గమాంగు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎప్పటికీ ఎందుకొస్తాడు? అక్కడా సచ్చిపోతాడు. సీతాకోకచిలక అయిపోతాడు."

అంటే చచ్చాక కూడా ఆయన లెక్కలో శాశ్వతం లేదు. దానికి ఆయనేం దిగులు పడలేదు. తేనె డబ్బులు లెక్కపెట్టుకుని, నాకు ఒక చుక్క అరచేతిలో వేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ కొండ ఊళ్ళలో చాలామంది బాప్టిస్టు క్రైస్తవులు. చనిపోయినవాళ్ళతో మాట్లాడే ముసలామెలు తగ్గిపోయారు. గమాంగు తన అయ్య దగ్గరికి వెళ్ళాక ఎవరి నోటనైనా మాట్లాడాడో లేదో.

*

మా నాన్న మేనత్తని మేమంతా మామ్మ అనేవాళ్ళం. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మా ఇంట్లో పుట్టినరోజంటే కేకులూ కొవ్వొత్తులూ కాదు. తలంటు పోసి, పాలలో బెల్లం, నువ్వులు కలిపి దోసిట్లో పోసి, మార్కండేయుడి శ్లోకం చెప్పించి తాగించేది. తర్వాత ఏడుగురు చిరంజీవులకీ నమస్కారం పెట్టించేది. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు.

"పరశురాముడు మన దగ్గరేరా" అని ఈశాన్యం వైపు చేయి చూపేది. మహేంద్రగిరి మీద ఆయన ఇప్పటికీ తపస్సు చేసుకుంటున్నాడని మా వైపు నమ్మకం. అంత గొప్పవాడు మా జిల్లావాసి కావడం మాకు గర్వంగా ఉండేది. శివరాత్రికి పెద్దవాళ్ళ వెంట ఆ కొండ ఎక్కాను. 1501 మీటర్ల ఎత్తు. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో పాత రాతి గుళ్ళు, చెవులు చిల్లులు పడే గాలి, కప్పుకోడానికి తెచ్చుకున్న దుప్పటి చాలక పళ్ళు టకటకా కొట్టుకోవడం. రాత్రంతా జాగారం చేస్తూ పరశురాముడి కోసం చూశాను. తెల్లారాక దిగుతూ మామ్మని అడిగిన ప్రశ్న గుర్తుంది. "ఆయనకి అక్కడ మాట్లాడ్డానికి ఎవరున్నారు?"

"తపస్సు చేసుకునేవాడికి మాటలేమిట్రా" అంది. కాస్త దూరం నడిచాక మళ్ళీ తనే, "అశ్వత్థామకి అది వరం కాదు, శాపం తెలుసా? ఒంటినిండా పుళ్ళతో మూడువేల ఏళ్ళు ఒక్కడే తిరగమన్నాడు కృష్ణుడు. పలకరించే దిక్కు ఉండదన్నాడు" అంది. అలాంటివాడి పేరు పుట్టినరోజున ఎందుకు చెప్పిస్తావని అడిగితే, నోరు ముయ్యమంది.

ఆమె తోబుట్టువుల్లో సగం మంది పురిట్లోనో, పసితనంలోనో పోయారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేదంటే అందులో ఎక్కువ భాగం ఆ పసిగుడ్ల లెక్కే. వాళ్ళందరి వాటా కూడా కలిపి బతుకుతున్నట్టు మామ్మ తొంభై దాటేసింది. నాన్న పోయాడు. తను పోయిన ఏడాది కూడా చలికాలంలో గంగాళం పెట్టించాడు. అమ్మ పోయింది. మామ్మ మాత్రం అరుగు మీదే.

రోజూ పొద్దున్న లేవగానే, "ఆ యముడికి నా ఇంటి నంబరు దొరకలేదర్రా" అని నిట్టూర్చేది. నిట్టూర్చి బీపీ మాత్ర వేసుకునేది. వేళ తప్పితే ఇల్లు పీకి పందిరేసేది. ఒకసారి ఇంట్లో వ్రతానికి వచ్చిన కుర్ర పురోహితుడు అలవాటుగా "శతమానం భవతి" అని అక్షతలు వేస్తూ నిండు నూరేళ్ళూ బతకమన్నాడు. మామ్మ వేళ్ళు లెక్కపెట్టుకుని, "అంటే ఇంకా ఏడేళ్ళేనా నాయనా?" అంది. పాపం, ఆ కుర్రాడికి ఏం చెప్పాలో తెలీలేదు.

మా ఊరికి నౌపడా నుంచి చిన్న రైలు ఉండేది. 1900లో రాజావారు వేయించినది, ఆ తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. దాని కూత వింటే అరుగు మీది వాళ్ళకి టైమెంతో తెలిసేది. పరిగెత్తి ఎక్కొచ్చు, దిగి మళ్ళీ పరిగెత్తి ఎక్కొచ్చు. 2004లో దాన్ని ఆపేసి పెద్ద లైను వేయడం మొదలుపెట్టారు. మామ్మ ప్రకటించింది, "పెద్ద బండి ఎక్కి గుణుపురం చూసొచ్చి, అప్పుడు పోతాను." పనులు ఏళ్ళ తరబడి సాగాయి. ఆమె కూడా సాగింది. ఆఖరికి బండి వచ్చింది. కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. దారిపొడుగునా ఏ మలుపు దగ్గర పాత బండి ఆగిపోయేదో చెబుతూ కూర్చుంది. ఇంటికొచ్చి, "ఇంక చాలర్రా" అని పడుకుంది. మాకు గుండెల్లో రాయి పడింది.

వారం తిరక్కుండా ఫోన్. కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించమని. "ఈ వయసులోనా మామ్మా?" అంటే, "రేపు యముడొస్తే మొహం కనిపించొద్దురా?" అంది. చేయించాం. చూపు బాగానే వచ్చింది. వచ్చాక ఇల్లంతా బూజు ఉందని కోడళ్ళని సాధించడం మొదలుపెట్టింది.

అయితే ఒక మధ్యాహ్నం ఒక్కమాట అంది. నేను సెలవు పెట్టి వెళ్ళి ఆమె పక్కన చాపమీద వాలి ఉన్నాను. "నన్ను ఒసేయ్ అనేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదురా" అంది. నాకు మొదట అర్థం కాలేదు. లెక్క చూసుకుంటే నిజమే. అందరూ ఆమెని మామ్మా, అత్తా, అమ్మమ్మా అనేవాళ్ళే. ఏకవచనంలో కసిరేవాళ్ళు, జడ లాగినవాళ్ళు, చింతకాయలు దొంగిలించినప్పుడు పక్కనున్నవాళ్ళు ఎవరూ లేరు. చింతకాయల కథ ఆమె చెబితే మేం వింటాం. కాదు, నువ్వే చెట్టెక్కావు అని వాదించేవాళ్ళు కావాలి ఆమెకి.

*

ఇదంతా అన్నయ్య మనవడికి చెప్పాను. వాడు బయోటెక్నాలజీ చదువుతున్నాడు. వాడి దగ్గర వాడి కబుర్లున్నాయి. ఫ్రాన్స్‌లో ఝాన్ కల్మాఁ అనే ఆవిడ 122 ఏళ్ళు బతికి 1997లో పోయిందట. అంతకంటే ఎక్కువ బతికినట్టు కాగితాలున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. "పిల్లలు?" అని అడిగాను. వెతికి చూశాడు. ఒక్కతే కూతురు, 1934లో పోయింది. ఒక్కడే మనవడు, 1963లో పోయాడు. అంటే ఆ తర్వాత 34 ఏళ్ళు. వాడు కాసేపు మాట్లాడలేదు.

తర్వాత కణాల సంగతి చెప్పాడు. మామూలు కణం కొన్ని పదుల సార్లు చీలి ఆగిపోతుందట. ఆగకుండా చీలేది క్యాన్సర్ కణమట. హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె 1951లో క్యాన్సర్‌తో పోయింది గానీ ఆమె కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయట. మా నాన్న ఉంటే ఈ ముక్క విని తొడ కొట్టేవాడు.

"సరే, ఇంతకీ మాత్ర వేసుకుంటావా, వేసుకోవా? అది చెప్పు" అన్నాడు. వదిలే రకం కాదు.

"శాశ్వతం సరుకు నాకొద్దురా. ఏడాదికోసారి వచ్చి అడుగు" అన్నాను.

"ఏడాదికోసారి అడిగితే ఎప్పుడైనా వద్దంటావా?"

ఆలోచించాను. వాడి చదువు పూర్తవ్వాలి. మా అమ్మాయి కట్టుకుంటున్న ఇల్లు స్లాబు దాకా వచ్చింది. మహేంద్రగిరి మోకాళ్ళు సహకరిస్తే ఇంకోసారి ఎక్కాలని ఉంది. వద్దనే సంవత్సరం ఏదో నాకు కనబడలేదు. పంతులుగారి మామిడి తోట మాత్రం గుర్తొచ్చింది.

"అంటే మొత్తమ్మీద శాశ్వతమే కదా" అన్నాడు వాడు.

"కాదు. మీరందరూ ఉంటేనే" అన్నాను. వాడికి అది లాజిక్ కాదట. కాకపోవచ్చు.

మర్నాడు పెన్షన్ పని ఉంది. నవంబరు వస్తే బతికే ఉన్నామని సర్కారుకి చూపించుకోవాలి. ఇదివరకు బ్యాంకుకి వెళ్ళి సంతకం పెట్టేవాళ్ళం, ఇప్పుడు జీవన్ ప్రమాణ్ అని అంతా ఆన్‌లైనే. సెంటర్‌లో కుర్రాడు వేలిముద్ర మిషన్ ముందు పెట్టాడు. బొటనవేలు పడలేదు. చూపుడువేలూ పడలేదు. అరిగిపోయాయి అన్నాడు. చివరికి మొహం స్కాన్ చేస్తానని ఫోన్ పైకెత్తి కళ్ళు ఆర్పమన్నాడు.

ఆర్పాను.

"అయిపోయింది తాతగారూ, మళ్ళీ నవంబరు దాకా పర్లేదు" అన్నాడు.